మద్దెల మాత్రమే వినబడే చోటు

ఈ సంగతి ఇన్నాళ్లూ రాయకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. నాకు రాయడం వచ్చేది కాదు. మా నాన్న నన్ను బడికి పంపలేదు. పెళ్లయ్యాక పంపేవాళ్లెవరూ లేరు. పిల్లలు పుట్టాక వాళ్లని పంపడంతోనే నాకు పొద్దు సరిపోయింది. మా ఆయన రిటైరయి, రైల్వే క్వార్టరు ఖాళీ చేసి, ఖరగ్‌పూర్‌లోనే సుభాష్‌పల్లిలో రెండు గదుల్లోకి మారాక, ఆ రెండు గదుల్లోనూ ఆయనే కనబడుతుంటే భరించలేక మధ్యాహ్నాలు పక్కింటి క్రైస్తవుల టీచరమ్మ దగ్గరికి వెళ్లి కూర్చునేదాన్ని. ఆవిడకి మనుషులు ఊరికే కూర్చుంటే గిట్టదు. పలక చేతికిచ్చింది. అలా యాభై దాటాక అక్షరాలు దిద్దాను.

చదవడం వచ్చాక తెలిసిందేమిటంటే, చదువుకున్నవాళ్లు రాసేదాంట్లో సగం రాయకపోయినా లోకానికి నష్టం లేదు. మొన్న ఒక వారపత్రిక చూశాను. వేసవిలో ఆరుబయట సంగీతోత్సవాలకు వెళ్లేవారికి సూచనలట. పలచటి నూలు బట్టలు కట్టుకోవాలట. మంచినీళ్లు మాటిమాటికీ తాగాలట. కాస్త ముందుగా వెళ్లి మంచి చోటు చూసుకోవాలట. రాసినాయన ఎవరో గాని, నేల మీద కూర్చుని పాట విన్న మనిషి కాదు. నూలు బట్టలు తప్ప ఇంకోటి లేనివాళ్లకి ఆ సలహా ఎలాగూ అక్కర్లేదు. నీళ్లు తాగాక ఆడవాళ్లు ఎక్కడికి వెళ్లాలో ఆయన రాయలేదు. ఇక మంచి చోటు సంగతి. దాని గురించి నాకు కొంచెం తెలుసు. అందుకే ఈ కాగితం.

పందొమ్మిది వందల అరవైల్లో మాట. అప్పుడు మేం ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఉండేవాళ్లం. మా ఆయన వర్క్‌షాపులో ఖలాసీ, అంటే బరువులు మోసేవాడు, ఎవరేం చెబితే అది చేసేవాడు. ఏటా శ్రీరామనవమికి తెలుగువాళ్లం మైదానంలో పందిరి వేసి, తొమ్మిది సాయంత్రాలు కచేరీలు, హరికథలు పెట్టేవాళ్లం. పాత స్లీపర్ దుంగలు పేర్చితే స్టేజీ. వ్యాగన్ల మీద కప్పే టార్పాలిన్ దాని పైకప్పు. పందిరికి ఒక పక్క క్వార్టర్లు, ఒక పక్క రైల్వే యార్డు.

పత్రికలో లేని సలహాలు ముందు రెండు చెబుతాను. యార్డు వైపు ముఖం పెట్టి కూర్చోకండి. పాట మంచి పట్టులో ఉన్నప్పుడు ఇంజను బొగ్గునలుసు కంట్లో పడుతుంది. కళ్లు తుడుచుకుంటుంటే పక్కావిడ మీకు భక్తి ఎక్కువనుకుని తనూ ఏడవడం మొదలుపెడుతుంది. రెండోది, గూడ్సు బండి వచ్చినప్పుడు పాడేవాళ్లని చూడండి. కొత్తవాళ్లు బండితో పోటీ పడతారు. బండే గెలుస్తుంది. అనుభవం ఉన్నవాళ్లు వక్కపలుకు నోట్లో వేసుకుని చివరి గార్డు పెట్టె దాటేదాకా ఆగుతారు. వాళ్లనే మళ్లీ పిలవాలి. తల ఎప్పుడు ఊపాలో తెలియకపోతే కుర్చీల వరసని చూసి ఊపండి. కుర్చీల వరస ఎవరిని చూసి ఊపేదో మాత్రం నాకు తెలియదు.

కుర్చీలు ఆఫీసర్లవి. వాటి పక్కన తాడు కట్టి, తాడుకి ఇవతల ఆడవాళ్లు, అవతల మగవాళ్లు నేల మీద. చోటు కోసం ఎవరూ పోట్లాడుకునేవారు కాదు. మేం రైలు వాళ్లం. బండి ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టడం తల్లిపాలతో నేర్చినవాళ్లం. పందిట్లోనూ అదే పద్ధతి. మధ్యాహ్నం ఎండ మాడిపోతుండగా ఇంటికొకరు మేదినీపూర్ చాప చంకన పెట్టుకొచ్చి పరిచి పోతారు. సాయంత్రం దాకా మైదానం నిండా చాపలే సంగీతం వినడానికి సిద్ధంగా పడి ఉంటాయి. ఇంకొకరి చాప జరపడం మహాపాపం. పక్కింటి కోడిని కోసుకు తిన్నా క్షమిస్తారు గాని దాన్ని క్షమించరు.

చాప ఎక్కడ పరచాలన్నది ఎవరూ చెప్పరు, అందరికీ తెలుసు. ముందు ఫోర్‌మన్ల ఇళ్లవి. తరవాత డ్రైవర్లవి, గార్డులవి. ఆ తరవాత ఫిట్టర్లవి. చిట్టచివర, కుళాయి పక్కన, బురదకి ఇవతల పోసిన గులకరాళ్ల మీద, ఖలాసీల చాపలు. వర్క్‌షాపులో జీతాలిచ్చే వరస ఎలా ఉంటుందో పందిట్లో రాముడి ముందు వరసా అలాగే ఉండేది.

ఆ కుళాయి పక్కన కూర్చుంటే మద్దెల మాత్రమే వినబడేది. అందుకో కారణం ఉంది. ఉన్న ఒక్క మైకునీ మద్దెల ముందు పెట్టేవారు. ఎందుకంటే ఏటా మద్దెల వాయించేది కమిటీ సెక్రటరీగారి బావమరిది. పాడేవాళ్లు మారేవారు, ఫిడేళ్లు మారేవి, బావమరిది మారేవాడు కాదు.

మాకు ఎలాగో నడిచిపోయేది. మా అత్తకి నడిచేది కాదు. ఆవిడకి చెవులు మెల్లమెల్లగా పోతున్నాయి. లావు చప్పుళ్లు తెలిసేవి, సన్నవి తెలిసేవి కావు. చిన్నప్పుడు విజయనగరం వైపు పల్లెలో వాళ్ల నాన్న బండి తోలేవాడట. పెళ్లి కచేరీలకి వెళ్లే ఫిడేలు వాళ్లు ఆ బండెక్కితే, ఈ పిల్ల వాళ్ల మోకాలి పక్కన ముడుచుకుని కూర్చునేదట. దారిపొడుగునా వాళ్లు సాధన చేసేవారట. ఆవిడ ఇంకే సంగీతం గురించీ మాట్లాడేది కాదు. ఫిడేలు, ఫిడేలు. ఏటా చెవి దగ్గర అరచెయ్యి దోసిలిలా పెట్టుకుని కూర్చునేది. కాసేపటికి నన్ను పొడిచేది.

"ఈయేడు కూడా ఉత్త మద్దెలేనేటే? ఫిడేలుకి మనిషి దొరకలేదేటి?"

"ఉన్నాడత్తా. వాయిస్తన్నాడు."

"ఏదీ?"

"అదుగో, సెయ్యి ఆడతంది కదా."

"సెయ్యి ఆడతంది, సరే" అనేది. ఆ 'సరే'లో చాలా ఉండేది.

ఆ సంవత్సరం రైల్వే ఆసుపత్రిలో డాక్టరు చెవిలో లైటు వేసి చూసి, ఇంకో ఏడాదో రెండేళ్లో, తరవాత ఆ కాస్తా ఉండదన్నాడు. నవమికి పది రోజులుంది. విజయనగరం నుంచి ఫిడేలాయన వస్తున్నాడు, చివరి రెండు సాయంత్రాలూ ఆయనదే కచేరీ అన్నారు. మా ఆయనతో చెప్పాను.

"ఈపాలి చాప ముందుకేద్దాం. ఒక్కపాలి ఇంటాది."

"ముందు మా ఫోర్‌మన్ గారి ఇంటోళ్ల చాపుంటాది. దానికి ముందు నీ చాప ఏసినావంటే మర్నాడే నన్ను బాయిలర్ల కాడికి తోలతారు. తెలిసిందా?"

"ఆవిడకి ఇనపడదు మరి."

"ఇనపడితే ఏటి సేస్తాది? కచేరీ ఇస్తాదా?"

సొంత తల్లి గురించి. కాని ఆయన భయం అబద్ధం కాదు. వర్క్‌షాపులో తన నెత్తిన ఏ బరువు పడాలో నిర్ణయించేది ఆ ఫోర్‌మనే. ఫిడేలు మొదటి సాయంత్రం నాడు మధ్యాహ్నం వెళ్లి, మా చాప ఎప్పటిలాగే కుళాయి పక్కన పరిచి వచ్చాను.

సాయంత్రం ముందు ఉపన్యాసాలు. ఆరుబయట సంగీతోత్సవంలో సంగీతం ఆఖరున ఉంటుందని కొత్తవాళ్లు తెలుసుకోవాలి. సెక్రటరీగారు తన సేవ గురించి తనే చెప్పుకున్నారు. తరవాత దండలు. ఆఫీసరు మెడలో దండ, ఆయన భార్యకో దండ, ఎందుకో మైకు అద్దెకిచ్చిన బెంగాలీ దాదాకో దండ. ఫిడేలాయన స్టేజీ మూల ఫిడేలు ఒళ్లో పెట్టుకుని, రైలు తప్పిపోయిన మనిషిలా కూర్చున్నాడు. ఆయన దాకా వచ్చేసరికి దండలు అయిపోయాయి.

అప్పుడు వాయవ్యం మూల నల్లబడింది. ఇక్కడి వేసవిలో కాలబైశాఖి అని ఒక గాలివాన వస్తుంది. ముందు దుమ్ము, తరవాత గాలి, తరవాత వడగళ్లు, ఏదీ ఆలోచించుకోనివ్వదు. సెక్రటరీగారు "ఎవరూ కదలొద్దు, ఇది చిన్న గాలే" అని మైకులో అంటుండగానే మైకు పోయింది. పందిరి తాటాకులు సగం యార్డులో పడ్డాయి. చాపలు లేచాయి. ముందు వరస చాపలు, వెనక వరస చాపలు అన్నీ ఒకటై గాల్లో తిరుగుతూ పట్టాల వైపు పోయాయి. ఒకదాని మీద ఒకటి పడుతుంటే ఏది ఫోర్‌మన్‌దో ఏది ఖలాసీదో ఎవరికీ తెలియలేదు. అన్నీ ఒకే మేదినీపూర్ గడ్డి కదా.

జనం క్వార్టర్లకు పరుగెత్తారు. మా అత్త పరుగెత్తలేదు. ఇంటికంటే దగ్గరగా ఉన్న కప్పు స్టేజీ మీది టార్పాలినే. ఆవిడని లాక్కుని అక్కడికెక్కాను. ఫిడేలాయన తన కండువా తీసి ఫిడేలు పెట్టె మీద కప్పి, పైన తను వంగి కూర్చున్నాడు. చెవులు సరిగా లేనివాళ్లు అవతలివాళ్లకీ లేవనుకుంటారు. మా అత్త ఆయన చెవిలో అరిచింది. ఆయనా ఆవిడ చెవిలోనే జవాబు చెప్పాడు.

"ఏ ఊరు నాయినా?"

"ఇజీనారం దగ్గరే మామ్మా."

"తిన్నావా?"

"కచేరీ అయినాక తింటాను."

"నీది ఏటి? ఏటి వాయిస్తావు?"

"ఫిడేలు."

"ఓహో" అంది మా అత్త. "ఫిడేలుందన్నమాట. మాకెప్పుడూ మద్దెలే పెడతారు."

ఆయన నవ్వి నా వైపు చూశాడు. సంగతి చెప్పాను.

"అయితే వాన తగ్గినాక ఇక్కడే, నా ముందే కూకోండి" అన్నాడు.

"అక్కడ మేం కూకోకూడదు బాబూ."

"ఎవులు సెప్పినారు?"

చెప్పడానికి నోరు తెరిచాను. ఎవరి పేరూ రాలేదు. పెళ్లయి వచ్చిన రోజు నుంచి నాకు తెలిసిన సంగతి అది. ఎవరు చెప్పారో మాత్రం ఎంత వెతుక్కున్నా దొరకలేదు.

వాన వచ్చినంత తొందరగానూ పోయింది. కరెంటు పోయింది, మైకు పోయింది. పెట్రోమాక్సు లైట్లు రెండు వెలిగించారు. ఆఫీసర్లు జీపులో వెళ్లిపోయారు, కుర్చీల్లో నీళ్లు మిగిలాయి. బావమరిది మద్దెల తడిసి, కొడితే పిండి ముద్దని కొట్టినట్టు వినబడుతోంది. కమిటీ కచేరీ మానేద్దామంది. ఫిడేలాయన, "నేను వాయిస్తాను, ఎవరుంటే వాళ్లే" అన్నాడు. నేను స్టేజీకి ఆనుకుని నేల మీద ఒక దుంగ లాగి, మా అత్తని దాని మీద కూర్చోబెట్టి పక్కన కూర్చున్నాను. కాళ్లు బురదలో ఉన్నాయి. ఫిడేలు చేయిచాపు దూరంలో ఉంది.

వెళ్లినవాళ్లలో కొందరు తిరిగొచ్చారు. ఫోర్‌మన్‌గారి భార్య పొడి చీర కట్టుకుని, పనిమనిషి చేత కొత్త చాప పట్టించుకుని వచ్చింది. ఆవిడ గోదావరి జిల్లా మనిషి, మాట మెత్తగా ఉండేది.

"ఏమ్మా, ఇది మా చోటు" అంది.

"చాపలన్నీ ఎగిరిపోయాయండి" అన్నాను.

"చాప పోతే చోటు పోతుందా? మీ అత్తగారిని లేవమను."

"అంటే ఇనపడదండి."

"నువ్వు లే, ఆవిడే లేస్తుంది."

"నేను లేస్తే ఆవిడ పడిపోతాదండి. దుంగ ఊగతంది."

ఆవిడ వంగి మా అత్త ముఖంలో ముఖం పెట్టి, "ఇది మా చోటండీ" అంది గట్టిగా. మా అత్త నవ్వింది. పక్కకి జరిగి, తడి దుంగ మీద అరచేత్తో తట్టింది.

"రామ్మా, రా. కూకో. సోటున్నాది."

ఆవిడ మళ్లీ చెప్పింది. మా అత్త మళ్లీ తట్టింది. ఇలా ఎంతసేపయినా జరిగేది. వెనక ఎవరో ఆడవాళ్లు నవ్వారు. చెవుడు వల్ల మా ఇంట్లో అంతకుముందూ ఆ తరవాతా ఎవరికీ ఒక్క లాభం రాలేదు. ఆ సాయంత్రం మాత్రం వచ్చింది.

ఆవిడ సెక్రటరీగారిని పిలిచింది. ఆయన తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చాడు.

"ఇక్కడ మీరు కూర్చోకూడదమ్మా. రూలుంది" అన్నాడు నాతో.

"ఏ రూలు బాబూ?" అని అడిగాను. నిజంగా తెలుసుకుందామనే అడిగాను. ఫిడేలాయన అడిగినప్పటి నుంచి నాకదే పట్టుకుంది.

ఆయన ఫోర్‌మన్‌గారి భార్య వైపు చూశాడు. ఆవిడ ఆయన వైపు చూసింది.

"రూలంటే... ముందొచ్చినవాళ్లు ముందు. అంతే" అన్నాడు.

"మేం వాన పడ్డప్పటి నుంచీ ఇక్కడే ఉన్నామండి."

స్టేజీ మీద నుంచి ఫిడేలాయన కమాను ఒకసారి తీగ మీద పెట్టి తీశాడు. "మొదలెట్టమంటారా?" అన్నాడు. సెక్రటరీగారికి అంతకంటే మంచి అవకాశం దొరకదు. "మొదలెట్టండి, మొదలెట్టండి" అంటూ లైటు సర్దడానికి వెళ్లిపోయాడు. ఫోర్‌మన్‌గారి భార్య మా పక్కన కూర్చోలేదు. మంచిగా ఆరిన నేల ఎక్కడుందా అని వెతుక్కుంటూ వెళ్లింది. ఆ మైదానంలో నీళ్లు త్వరగా ఇంకేది ఒక్క కుళాయి దగ్గరే, అక్కడ గులకరాళ్లు పోసి ఉంటాయి. ఆవిడ కొత్త చాప అక్కడ పరిచారు.

కచేరీ గురించి నాకు రాయడం రాదు. ఏ రాగమో తెలియదు. చూసింది మాత్రం రాస్తాను. మొదట్లో మా అత్త అలవాటుగా చెవి దగ్గర దోసిలి పెట్టుకుంది. కొంచెంసేపటికి ఆ చెయ్యి దిగి ఒళ్లోకి వచ్చింది. ఇంక పైకి పోలేదు. మధ్యలో గూడ్సు బండి వచ్చింది. ఫిడేలాయన కమాను ఎత్తి ఆగాడు. బండి పోయేదాకా మా అత్త ఆయన చేతినే చూస్తూ, నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. ఎక్కడ ఆపేస్తాడో అని. బండి దాటాక ఆయన ఆపిన చోటు నుంచే ఎత్తుకున్నాడు. ఆవిడ చెయ్యి వదిలింది. నా మోచేతి మీద నాలుగు వేళ్ల గుర్తులు పడ్డాయి.

ఇంటికొస్తుంటే బురదలో నడుస్తూ ఒక్కటే అడిగింది.

"ఇన్నేళ్లూ దీన్నెక్కడ దాసినారే?"

అన్నం పెడుతుంటే మా ఆయన గొంతు తగ్గించి అన్నాడు. "సూసినాను. మా ఫోర్‌మన్ గారు కూడా సూసినారు. నా పక్కనే నిలబడ్డారు."

"ఏటన్నారు?"

"'మా ఆవిడ ఎనకాల కూకోడం ఇదే మొదటిసారి' అన్నారు."

"కోపంగానా?"

"కాదు. హాయిగా. అదే నాకు బయంగా ఉన్నాది."

మర్నాడు పొద్దున్న వర్క్‌షాపు సైరన్ కూశాక ఆయన బయల్దేరాడు. గుమ్మంలో ఆగి, నా ముఖం చూసి, ఏం చేయబోతున్నానో కనిపెట్టాడు. వద్దంటాడనుకున్నాను. "ఎండగా ఉంటాది. గొడుగట్టుకెళ్లు" అని చెప్పి వెళ్లిపోయాడు.

యార్డు కంచెకి చాపలు తోరణాల్లా వేలాడుతున్నాయి. చేతికందిన దాన్ని తీసుకున్నాను. మాదో కాదో ఇప్పటికీ తెలియదు. కుళాయి దగ్గర బురద కడిగాను. స్టేజీ ముందు, సరిగ్గా రాత్రి దుంగ ఉన్న చోట పరిచాను. చాపలకి చెవులుండవు, చెప్పేవాళ్లెవరైనా వస్తే జవాబూ ఉండదు. అందుకని చాప ఒక్కదాన్నీ వదల్లేదు. ఇంటికి వెళ్లి మా అత్తని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి దాని మీద కూర్చోబెట్టాను. గొడుగు తెరిచి భుజానికి ఆనించాను. చేటలో బియ్యం పోసి, రాళ్లేరుతూ ఉండమని చెప్పి, మైదానానికి ఎదురుగా ఉన్న మా క్వార్టరుకి వచ్చేశాను.

కాసేపటికి ఫోర్‌మన్‌గారి పనిమనిషి చాప చంకన పెట్టుకుని రావడం ఇంటి గుమ్మంలోంచి కనబడింది. గొడుగు ముందు ఆగి ఏదో అంటోంది. మా అత్త తలెత్తి నవ్వి, జరిగి, పక్కన నేల మీద అరచేత్తో తట్టింది. నేను లోపలికి వెళ్లి పొయ్యి ముట్టించాను.